వాగు నీటికి వడపోత ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మాఘ పౌర్ణమికి కుమారధార ముక్కోటి, శివరాత్రికి నల్లమల గుండా శ్రీశైలం పాదయాత్ర, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం, ఉగాదికి కన్నడ భక్తుల నడక, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం. మన అడవుల్లో జనం కాలినడకన తిరిగే రోజులన్నీ వాగులు ఎండుముఖం పట్టే రోజులే. వీటికి తోడు శనాదివారాల్లో నాగలాపురం, ఉబ్బలమడుగు, వంజంగి కొండలెక్కే కుర్రవాళ్ళు, వేసవి సెలవుల్లో హిమాలయాలకు బయల్దేరే బృందాలు ఏటేటా పెరుగుతున్నారు. వీళ్ళకోసం పత్రికలు దారి, దూరం, బస, అనుమతులు అన్నీ ఓపికగా రాస్తున్నాయి. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘తగినన్ని నీళ్ళు వెంట తీసుకెళ్ళండి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నాయి. ఆ వాక్యం చాలదని చెప్పడానికే ఈ ఉత్తరం.

లెక్క వేసి చూడండి. ఎండలో కొండెక్కే మనిషికి గంటకు అర లీటరు తక్కువ కాకుండా కావాలి. 8 గంటల నడకకు 4 లీటర్లు. రాత్రి అడవిలో బస ఉంటే వంటకు, మర్నాటి నడకకు కలిపి మనిషికి 9, 10 లీటర్లు. లీటరు నీళ్ళు కిలో బరువు. పది కిలోల నీళ్ళు, ఆపైన బియ్యం, దుప్పటి మోస్తూ ఎవరూ నడవరు. మూడు లీటర్లతో బయల్దేరి, మధ్యాహ్నానికి అవి అయిపోయాక కనబడ్డ మడుగులో బాటిల్ ముంచుతారు. జరిగేది ఇదే. కాబట్టి ఏ వాగు దగ్గరైనా నీళ్ళను తాగడానికి పనికొచ్చేలా చేసుకునే తేలికపాటి సాధనం ప్రతి మనిషి సంచిలో ఉండాలి. ఏ సాధనం అన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు చాలామంది విదేశీ వీడియోలు చూసి ఒక గొట్టం ఫిల్టరు కొనుక్కుని, ఇక ఏ నీళ్ళయినా తాగొచ్చనుకుంటున్నారు. సాయర్ స్క్వీజ్, లైఫ్‌స్ట్రా లాంటివి మంచి వస్తువులే. లోపల సేమియా పోచల్లాంటి సన్నని బోలు గొట్టాలు కట్టగా ఉంటాయి. వాటి గోడల్లో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. సాయర్‌లో రంధ్రం 0.1 మైక్రాన్, మామూలు లైఫ్‌స్ట్రాలో 0.2 మైక్రాన్. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. విరేచనాలు పట్టించే ఏకకణ జీవులు జియార్డియా, క్రిప్టోస్పోరిడియం నీటిలో గట్టి తిత్తులుగా ఉంటాయి. జియార్డియా తిత్తి 8 నుంచి 12 మైక్రాన్లు, క్రిప్టోస్పోరిడియంది 4 నుంచి 6, కలరా, టైఫాయిడ్ బాక్టీరియా అర మైక్రాన్ లావు. ఇవన్నీ ఆగిపోతాయి. కానీ కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు 0.03 మైక్రాన్ దగ్గర ఉంటాయి. జల్లెడలో ఆవాలు జారినట్టు అవి జారిపోతాయి. ఎలుక జ్వరం కలిగించే లెప్టోస్పైరా పొడుగ్గా ఉన్నా దారప్పోగులాంటి సన్నని మెలిక. అది 0.2 మైక్రాన్ రంధ్రంలోంచి కూడా దూరి వెళ్ళగలదు.

అమెరికా కొండల్లో ఫిల్టరు ఒక్కటే చాలుతుందంటే అక్కడ ఎగువన మనుషులు తక్కువ. మనిషి కాలేయంలో పెరిగే ఈ వైరస్‌లు మనిషి మలంతోనే నీటిలో కలుస్తాయి. హెపటైటిస్ ఇ విషయంలో పందులు కూడా తోడవుతాయి. మన దగ్గర జాతరకు వేలమంది ఒకే వాగు వెంట మూడు నాలుగు రోజులు నడుస్తారు, స్నానాలు చేస్తారు, ఆ చుట్టుపక్కలే బహిర్భూమికి వెళతారు. నీళ్ళు పారుతున్న రోజుల్లో కాస్తో కూస్తో కొట్టుకుపోతుంది. ఫాల్గుణ, చైత్రాల్లో వాగు తెగిపోయి మడుగులుగా నిలిచినప్పుడు అంతా అక్కడే ఉంటుంది. అమెరికాలో సరిపడే సలహాను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోకూడదు.

పైగా ఈ జబ్బులు వెంటనే బయటపడవు. హెపటైటిస్ ఎ అయినా ఇ అయినా నీళ్ళు తాగిన రెండు వారాల నుంచి ఏడెనిమిది వారాల లోపు ఎప్పుడైనా కనబడవచ్చు. యాత్ర ముగిసి నెలైన తరవాత కళ్ళు పచ్చబడితే ఆ మడుగు ఎవరికీ గుర్తు రాదు. ‘ఎప్పుడూ తాగే నీళ్ళే, ఎవరికీ ఏమీ కాలేదు’ అనే మాట నిలబడిపోవడానికి కారణం ఇదే. గర్భిణులకు, అందులోనూ చివరి మూడు నెలల్లో, హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు. మొక్కుబడులకు కుటుంబాలతో నడిచేవాళ్ళున్న చోట ఈ సంగతి దాచిపెట్టే విషయం కాదు.

బురద నీటిలో క్లోరిన్ ఒక్కటే వేస్తే సరిపోదా అంటే, దానికి మన దేశంలోనే ఒక పాఠం ఉంది. 1955 చివర్లో ఢిల్లీకి నీళ్ళిచ్చే యమునలో నజఫ్‌గఢ్ కాల్వ మురుగు కలిసింది. సిబ్బంది గమనించి పటిక, క్లోరిన్ మోతాదు పెంచారు. ఆ పెంపుతో టైఫాయిడ్ లాంటి బాక్టీరియా జబ్బులు పెరగలేదు. కామెర్లు మాత్రం సుమారు 29 వేల మందికి వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అని తరవాత దశాబ్దాల్లో, దాచిన రక్త నమూనాలను పరీక్షించినప్పుడు తేలింది. మురికి ఉన్న నీటిలో క్లోరిన్ ముందు ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది, మురికి రేణువుల చాటున ఉన్న వైరస్ బతికిపోతుంది. అంటే నీళ్ళు ముందు తేటపడాలి, తరవాతే క్లోరిన్ పడాలి.

కాబట్టి మేము గట్టిగా చెప్పే పద్ధతి ఇది: ముందు గుడ్డ, తరవాత ఫిల్టరు, ఆఖరున క్లోరిన్ బిళ్ళ. ఫిల్టరు 85 గ్రాములు, దాన్ని కడగడానికి సిరంజి, పది బిళ్ళల పట్టీ ఒకటి, ఒక గుడ్డముక్క, రెండు ఖాళీ బాటిళ్ళు. అన్నీ కలిపినా పావుకిలో దాటదు. క్రిప్టోస్పోరిడియంను క్లోరిన్ చంపలేదు, దాన్ని ఫిల్టరు ఆపుతుంది. వైరస్‌ను ఫిల్టరు ఆపలేదు, దాన్ని క్లోరిన్ చంపుతుంది. ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది.

నీళ్ళు ఎక్కడ ముంచాలో మొదట చూడాలి. పశువులు దిగే రేవుకు, బాట వాగును దాటే చోటుకు, స్నానాల గుండానికి ఎగువకు వెళ్ళాలి. పారే నీళ్ళుంటే నిలవ నీళ్ళ జోలికి పోవద్దు. వాగు ఎండిపోయి ఇసుక తడిగా ఉంటే చెలమ తీయండి. ఇది మన పెద్దలకు, చెంచులకు కొత్తగా చెప్పాల్సిన పని కాదు. తడి ఇసుకలో, పక్కన మడుగు మిగిలి ఉంటే దాని అంచుకు రెండు మూడడుగుల దూరంలో, మోచేతి లోతు గొయ్యి తవ్వి, ఊరిన నీళ్ళను రెండు మూడుసార్లు తోడి పారబోస్తే ఆ తరవాత ఊరేది దాదాపు తేటగా ఉంటుంది. ఇసుక బురదను పట్టేస్తుంది, ఫిల్టరు పని సగం తగ్గుతుంది. ఐతే చెలమ నీళ్ళు కూడా క్రిములు లేని నీళ్ళని అనుకోవద్దు. ఇంకో మాట: అటవీ శాఖ జంతువులకోసం ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్లు మన నీటి వనరు కావు. అక్కడ నీళ్ళు తోడవద్దు, ఆ దగ్గర ఆగవద్దు.

గుడ్డ అంటే పాత నేత చీర లేదా పంచె ముక్క, కనీసం నాలుగు మడతలు. కొత్త గుడ్డకంటే ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డే మేలు. పోగులు ఉబ్బి సందులు చిన్నవవుతాయి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంత గ్రామాల్లో పాత చీరను ఇలా మడిచి నీళ్ళు వడకట్టుకున్న ఇళ్ళలో కలరా దాదాపు సగానికి, 48 శాతం తగ్గిందని 2003లో ప్రచురించారు. కలరా క్రిములు అతుక్కుని ఉండే చిన్న నీటిపురుగులు ఆ గుడ్డలో చిక్కుకుంటాయి. ఒకప్పుడు మన పల్లెల్లో నారికురుపుకు భయపడి నీళ్ళు వడకట్టుకున్నదీ ఇందుకే. గుడ్డకు ఒక మూల ముడి వేసి గుర్తు పెట్టుకోండి. ఎప్పుడూ అదే వైపు పైకి రావాలి. తిరగేసి పడితే నిన్న పట్టిన మురికి ఇవాళ బాటిల్‌లోకి దిగుతుంది.

గుడ్డలో పోసినా నీళ్ళు ఎర్రగానే ఉంటే పటిక వాడాలి. నాలుగు లీటర్లకు టీ చెంచాలో ఎనిమిదో వంతు పొడి చాలు. ఒక నిమిషం గబగబా కలిపి, ఐదు నిమిషాలు నెమ్మదిగా తిప్పి, అరగంట కదపకుండా ఉంచితే మడ్డి అడుగున చేరుతుంది. పై తేట మాత్రం ఒంపుకోవాలి. చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్ళు తేర్చే పద్ధతి ఇంకా తెలిసినవాళ్ళుంటే అదీ పనికొస్తుంది. ఇవన్నీ నీళ్ళను తేటపరచేవే, క్రిములను చంపేవి కావు.

ఇక ఫిల్టరు. బాటిల్ మూతి విషయంలో చాలామంది ఇబ్బంది పడతారు. సాయర్ స్క్వీజ్ లాంటి ఫిల్టర్ల మర 28 మిల్లీమీటర్ల కూల్‌డ్రింకు బాటిల్‌కు సరిపోయేలా చేసినది. మన దగ్గర అమ్మే తాగునీటి బాటిళ్ళలో చాలావాటి మూతి వేరే కొలత, మర పట్టదు, లేదా పట్టినట్టే పట్టి పక్కనుంచి కారుతుంది. ఇంట్లోనే బిగించి చూసుకుని బయల్దేరాలి. కూల్‌డ్రింకు బాటిల్ గట్టిది కూడా. ఫిల్టరుతో వచ్చే మడత సంచిని గట్టిగా పిండితే మెడ దగ్గర అతుకు ఊడుతుంది. ప్లాస్టిక్ బాటిళ్ళకు అనుమతి లేని తిరుమల కొండల్లాంటి చోట్ల మాత్రం ఆ మడత సంచినే మెల్లగా వాడి, శుభ్రమైన నీళ్ళకు స్టీలు బాటిల్ పెట్టుకోవాలి.

ఫిల్టరు అడుగున, మర లోపల, ఒక వాషర్ ఉంటుంది. పావలా బిళ్ళంత రబ్బరు రింగు. బాటిల్ విప్పినప్పుడు అది మూతికి అంటుకుని జారి వాగులో పడిపోతుంది, ఎవరూ చూసుకోరు. అది లేకుండా బిగించి పిండితే మురికి నీళ్ళు మర సందుల్లోంచి కారి, ఫిల్టరు పక్కగా జారి, కింద పట్టుకున్న శుభ్రమైన బాటిల్‌లోనే పడతాయి. వచ్చే నీళ్ళలో తేడా కంటికి తెలియదు. బిగించే ముందు ప్రతిసారీ వేలితో తడిమి వాషర్ ఉందో లేదో చూడాలి. వీలైతే ఒకటి అదనంగా పెట్టుకోవాలి. అలాగే మురికి బాటిల్‌కు ఎర్ర టేపు చుట్టండి, ఆ బాటిల్‌లో ఎప్పుడూ తాగవద్దు. పిండేటప్పుడు దాని ఒంటిమీద నీటి చుక్కలు శుభ్రమైన బాటిల్ మూతిలోకి కారకుండా ముందే గుడ్డతో తుడవాలి. మంచి ఫిల్టరు ఉండి కూడా కడుపు పాడైందంటే ఎక్కువసార్లు ఈ రెండిట్లోనే తప్పు ఉంటుంది.

పిండటం బరువవుతోందంటే పోచలు పూడుకుపోతున్నాయని. బలం పెంచకండి. సిరంజిలో వడపోసిన నీళ్ళు నింపి, తాగే వైపు నుంచి వెనక్కి గట్టిగా కొట్టాలి, నాలుగైదుసార్లు. మురికి నీళ్ళతో వెనక్కి కడిగితే శుభ్రమైన వైపే పాడైపోతుంది. సిరంజి పోయినా దిగులు లేదు, మందుల దుకాణంలో దొరికే 50 మి.లీ. సిరంజి ముక్కు సరిపోయేది చూసుకుని కొనుక్కోవచ్చు. మన నీళ్ళలో సున్నం ఎక్కువ. ఇంటికొచ్చి కొళాయి నీళ్ళతో కడిగి అలాగే ఆరబెడితే పోచల్లో సున్నం గట్టిపడి, వచ్చే ఏడాది చుక్క కూడా రాదు. అలా ఐతే అరగంట వెనిగర్‌లో నానబెట్టి, తరవాత గోరువెచ్చని నీళ్ళతో వెనక్కి కొడితే తిరిగి దారికొస్తుంది. 60 డిగ్రీలు దాటిన వేడి నీళ్ళు వద్దు. దాచేముందు లీటరు నీళ్ళలో ఒక మూత వాసన లేని బ్లీచ్ ద్రవం కలిపి వెనక్కి కొట్టి, బాగా ఆరనిచ్చి పెట్టాలి. తడిగా డబ్బాలో పెడితే లోపల పాచి పడుతుంది.

ఫిల్టరు బాగుందో లేదో చూసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. పోచలు పూర్తిగా తడిసి ఉన్నప్పుడు తాగే వైపు నుంచి నోటితో గట్టిగా ఊదండి. తడిసిన రంధ్రాల్లోంచి నోటి గాలి పోలేదు. గాలి అటువైపు బుసబుసా వస్తే పోచలు ఎక్కడో తెగాయి, ఆ ఫిల్టరును పారేయాలి.

వడపోసిన నీళ్ళలో బిళ్ళ. మందుల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరికే క్లోరిన్ బిళ్ళల్లో ఉండేది ఎక్కువగా సోడియం డైక్లోరో ఐసోసయనురేట్. అది 8.5 మిల్లీగ్రాములున్న బిళ్ళ లీటరుకు సుమారు 5 మి.గ్రా. క్లోరిన్ ఇస్తుంది. పట్టీ మీద ఆ బిళ్ళ ఎన్ని లీటర్లకో రాసి ఉంటుంది, అది చదవకుండా వేయడమే పెద్ద పొరపాటు. ఇళ్ళలో డ్రమ్ములకు, బిందెలకు పంచే 20 లీటర్ల బిళ్ళను లీటరు బాటిల్‌లో వేసి, వాసనకు తట్టుకోలేక పారబోసి, మళ్ళీ పచ్చి నీళ్ళే తాగేవాళ్ళున్నారు. గోటితో విరిచి ముక్క వేస్తే లెక్క తెలియదు. మీ దగ్గర 20 లీటర్ల బిళ్ళే ఉంటే దాన్ని 200 మి.లీ. శుభ్రమైన నీళ్ళలో పూర్తిగా కరిగించి, ఆ ద్రావణం సిరంజితో 10 మి.లీ. తీసి లీటరుకు కలపండి. ఆ సీసా మీద గుర్తు రాయండి, ఎండ తగలనివ్వకండి, ఏ రోజుది ఆ రోజే వాడి మిగిలింది పారబోయండి. వేరే సిరంజి వాడితే ఇంకా మంచిది.

బిళ్ళ కరిగాక మూత కాస్త వదులు చేసి బాటిల్‌ను తలకిందులు చేయాలి. మర సందుల్లో ఉన్న పచ్చి నీటి చుక్కలను మందు నీళ్ళు కడిగేస్తాయి. మళ్ళీ బిగించి అరగంట. అరగంటకు మూత తీసి వాసన చూస్తే లేతగా క్లోరిన్ వాసన రావాలి. అసలు వాసనే లేకపోతే క్లోరిన్ అంతా మురికి మీదే ఖర్చయిందని అర్థం, మరో మోతాదు వేసి మరో అరగంట ఆగాలి. నిమ్మరసం, ఓఆర్‌ఎస్, నారింజ పొడి లాంటివి అరగంట పూర్తయ్యాకే కలపాలి. పుల్లని పొడుల్లో ఉండే విటమిన్ సి క్లోరిన్‌ను అక్కడికక్కడే చల్లార్చేస్తుంది. దాహం మీద ఉన్నవాడు బిళ్ళతో పాటే నిమ్మకాయ పిండితే బిళ్ళ వేయనట్టే. పని ముగిశాక మాత్రం అదే నిమ్మకాయ వాసనను పోగొట్టి మేలు చేస్తుంది. రాగి బాటిల్‌లో బిళ్ళ వేయవద్దు, క్లోరిన్ రాగిని తినేస్తుంది.

బ్లీచింగ్ పౌడర్ పొట్లం కట్టుకుని వెళ్ళేవాళ్ళకు ఒక మనవి. అది తెరిచి ఉంచితే రోజురోజుకూ బలం తగ్గిపోతుంది. ట్యాంకులకు, బావులకు, నీటిలో క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోప్‌తో చూసుకుంటూ వేసే సరుకు అది. లీటరు బాటిల్‌కు చిటికెడు అంటే ఎంత పడిందో ఎవరికీ తెలియదు.

మిగిలిన పద్ధతుల గురించి కొద్దిగా. మరిగించడం అన్నిటికంటే నమ్మకమైనది, బాక్టీరియా, వైరస్, తిత్తులు అన్నీ చస్తాయి. కుతకుత కాగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. 2,000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ అంత ఎత్తు లేదు కాబట్టి ఇక్కడ పది నిమిషాలు కాచి గ్యాసు తగలేయనక్కర్లేదు. అడ్డంకి బరువే. స్టవ్వు, గ్యాసు డబ్బా, గిన్నె కలిపి ముప్పావు కిలో, లీటరుకు సుమారు 15 గ్రాముల గ్యాసు. 230 గ్రాముల డబ్బాతో 15 లీటర్లు, గాలి కొడితే అంతకంటే తక్కువ. రాత్రి బసలో వంట ఎలాగూ ఉంటుంది, అక్కడ మరిగించండి. నడక మధ్యలో అది కుదరదు. రిజర్వు అడవిలో కట్టెలు పేర్చి నిప్పు పెట్టడం నేరం, వేసవిలో ఐతే అడవికే ముప్పు.

నీటిలో ముంచి అతినీలలోహిత వెలుగు పెట్టే యూవీ పెన్ను లీటరును నిమిషంన్నరలో శుద్ధి చేస్తుంది, వైరస్‌ల మీద కూడా పనిచేస్తుంది. నీళ్ళు తేటగా లేకపోతే వెలుగు చొరదు, బ్యాటరీ అయిపోతే అది వట్టి గొట్టం. బాటిల్ మూతి దగ్గరి చుక్కలకు ఆ వెలుగు తగలదు. ఫిల్టరు ఉన్నవాడు బిళ్ళకు బదులుగా వాడుకోవచ్చు, ఐనా పట్టీ జేబులో ఉండాల్సిందే. అయోడిన్ చుక్కలు థైరాయిడ్ ఉన్నవాళ్ళకు, గర్భిణులకు తగవు. రాగి చెంబులో నీళ్ళు నిలవ ఉంచితే బాక్టీరియా తగ్గడం నిజమే, కానీ ఆ ప్రయోగాల్లో నీళ్ళు ఉంచింది 16 గంటలు. బాటలో అంతసేపు ఎవరు ఆగగలరు?

ఏమీ లేని రోజున ఎండ ఉంది. రంగులేని పారదర్శక ప్లాస్టిక్ బాటిల్, రెండు లీటర్లు మించనిది, బండ మీద పడుకోబెట్టి ఆరు గంటలు మంచి ఎండలో ఉంచితే తాగొచ్చు. సగానికి పైగా మబ్బు ఉంటే వరసగా రెండు రోజులు. నీళ్ళు చాలినంత తేటగా ఉన్నాయా అన్నది మీ పత్రికతోనే చూడవచ్చు. నింపిన బాటిల్‌ను పత్రిక శీర్షిక మీద నిలబెట్టి, మూతిలోంచి కిందికి చూడాలి. శీర్షిక అక్షరాలు చదవగలిగితే ఎండ పనిచేస్తుంది. అక్షరాలు అలుక్కుపోతే ముందు తేర్చాలి.

పట్నం నుంచి వచ్చేవాళ్ళ చేతుల్లో ఈమధ్య టీడీఎస్ మీటర్లు కనబడుతున్నాయి. వాగు నీటిలో ముంచి, 60 చూపించిందని, ఇంట్లో ఆర్వో నీళ్ళకు సమానమని తాగేస్తున్నారు. ఆ మీటరు చెప్పేది నీటిలో కరిగిన లవణాల సంగతి ఒక్కటే. వర్షపు నీళ్ళు పారే కొండవాగులో లవణాలు తక్కువే ఉంటాయి, అందులో పశువు పేడ కలిసినా మీటరు పెద్దగా కదలదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లవణాలను లీటరుకు 500 మి.గ్రా. వరకు ఒప్పుకుంటుంది, వేరే నీళ్ళు దొరక్కపోతే 2,000 దాకా సరేనంటుంది. మలం కలిసిందని చెప్పే ఇ.కోలై బాక్టీరియా మాత్రం 100 మి.లీ.లో ఒక్కటీ కనబడకూడదంటుంది. నల్లగొండ వైపు ఫ్లోరైడ్‌తో బాధపడిన ప్రజలకు నీళ్ళంటే లవణాల భయం ఉండటం సహజం. అడవి బాటలో రెండు రోజుల నడకకు భయపడాల్సింది క్రిములకు.

హిమాలయాలకు వెళ్ళేవాళ్ళకు రెండు తేడాలు. మొదటిది చలి. పోచలు తడిసిన ఫిల్టరు ఒక్కసారి గడ్డకట్టిందా, లోపల చీలిపోతుంది, పైకి కొత్తదానిలాగే కనబడుతుంది. రాత్రి దాన్ని చిన్న సంచిలో కట్టి పడక సంచిలో ఒంటి పక్కన పెట్టుకోవాలి. గడ్డకట్టిందన్న అనుమానం ఉన్నా సరే ఇక వాడకూడదు. రెండోది బిళ్ళ. అరగంట అన్నది 25 డిగ్రీల నీటి లెక్క. ప్రతి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా సమయం రెట్టింపు చేయాలి. 15 డిగ్రీలకు గంట, మంచు కరిగి వచ్చే 5 డిగ్రీల నీటికి రెండు గంటలు. రాత్రి పడుకునేముందు బిళ్ళ వేసి ఉంచుకోవడం తేలిక. హిమానీనదాల నీటిలో పిండిలాంటి తెల్లని రాతిపొడి ఉంటుంది, అది ఫిల్టరును ఒక్క పూటలో పూడ్చేస్తుంది. ఆ నీళ్ళను రాత్రంతా గిన్నెలో తేరనిచ్చి, పై తేటే వడపోయాలి.

ఈ సాధనాలేవీ పనికిరాని నీళ్ళూ ఉన్నాయి. పచ్చటి పెయింటు ఒలికినట్టు పైన తెట్టు కట్టిన కుంటలో విషాలుంటాయి, అవి మరిగించినా పోవు. మందు కొట్టిన పత్తి, మిరప చేల దిగువ కాల్వలు, గనుల దిగువ వాగులు అంతే. అక్కడ బాటిల్ ముంచవద్దు, దాహమైనా ముందుకు నడవాలి. అందుకే బయల్దేరేముందే ఏ మజిలీలో ఏ నీళ్ళున్నాయో స్థానికులను, అటవీ సిబ్బందిని అడిగి రాసుకోవాలి. నల్లమల పాదయాత్రలో నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మజిలీల మధ్య ఏ ఏడాది నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడివాళ్ళకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

పత్రికకు మా విన్నపం: నడక దారుల మీద రాసే ప్రతి వ్యాసంలో ఆ దారిలో నీళ్ళు ఎక్కడ, ఏ నెలదాకా, ఏ స్థితిలో ఉంటాయో ఒక పేరా ఇవ్వండి. దేవస్థానాలకు, అటవీ శాఖకు కూడా ఒక మాట చెప్పాలి. జాతరల్లో ట్యాంకర్లు, చలివేంద్రాలు వాహనం వెళ్ళే దారి ఉన్నంతవరకే ఉంటాయి. ఆ తరవాతి బాటలో భక్తుడి చేతిలో ఉన్నదే దిక్కు. లీటరుకు ఒకటి చొప్పున వాడే బిళ్ళలు, 20 లీటర్లవి కాకుండా, పది ఉన్న పట్టీ ఒక్కొక్కరికి ఇచ్చి, దాని మీద తెలుగులో, కన్నడంలో నాలుగు ముక్కలు అచ్చువేయాలి: గుడ్డలో వడకట్టు, లీటరుకు ఒక బిళ్ళ, అరగంట ఆగు, నిమ్మకాయ తరవాతే. ఫిల్టరు కొనలేనివాళ్ళకు గుడ్డ, బిళ్ళ కలిసినా చాలా జబ్బులు తప్పుతాయి. సలేశ్వరానికి వెళ్ళే వాహనాలు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఎలాగూ ఆగుతాయి. పట్టీ చేతిలో పెట్టడానికి ఆ ఆగిన రెండు నిమిషాలు చాలు.

భవదీయులు,
అడవి నడకల నిర్వాహకులు కొందరు,
నంద్యాల